ఎంఎంటీఎస్‌కి ఓనరెవరు?

హైదరాబాద్‌లో చాలామందికి రైల్వే లైనుతో ఉన్న పరిచయమంతా బ్రిడ్జిల కిందనే. గట్టిగా ఓ గంట వాన కొడితే మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయి. ఇటు చాదర్‌ఘాట్, అటు దిల్‌సుఖ్‌నగర్ దాకా బండ్లు ఆగిపోతాయి. సికింద్రాబాద్‌లో ఆలుగడ్డ బావి దగ్గరా ఇదే తంతు. మోకాలి లోతు నీళ్లలో స్కూటీ తోసుకుంటూ కార్పొరేషన్ వాళ్లని తిట్టుకునే మనిషి నెత్తి మీదుగా అదే టైములో ఒక రైలు పోతుంటుంది. ఫలక్‌నుమాలో బయల్దేరి, కాచిగూడ, సికింద్రాబాద్, బేగంపేట మీదుగా లింగంపల్లి పోయే ఎంఎంటీఎస్, మన ఊరి లోకల్ రైలు. కింద నీళ్లలో ఉన్నాయన కూడా ఆ వైపే పోతుండొచ్చు. పైన టికెట్టు పదో పదిహేనో రూపాయలు.

మరి ఆయన రైలెందుకు ఎక్కడు? అడిగితే ‘టైముకి రాదు భయ్యా’ అంటాడు. నిజమే. టైముకి ఎందుకు రాదని రైల్వే వాళ్లని అడిగితే లైన్ల మీద రద్దీ అంటారు. అదీ నిజమే. రద్దీ తగ్గించడానికి కొత్త లైన్లు వేయొచ్చు కదా అంటే రాష్ట్రం డబ్బివ్వలేదని వీళ్లు, రైలు కేంద్రం పని అని వాళ్లు. ఇలా ఎవరి నిజం వాళ్ల దగ్గర ఉంది. రైలు మాత్రం హుస్సేన్‌సాగర్ పక్కన సిగ్నల్ కోసం నిలబడి ఉంది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఎంఎంటీఎస్ జబ్బు డబ్బులో లేదు, రైళ్లలో లేదు, జనం అలవాట్లలో అసలే లేదు. ఊరి మధ్యలోంచి పోయే ఈ లైనుకి ఊళ్లో ఓనరు లేడు. ఇప్పుడు కొత్తగా లేకుండా పోవడం కాదు, నూటయాభై ఏళ్లలో ఓ ఇరవై ఏళ్లు తప్ప ఎప్పుడూ లేడు. అందుకే కాస్త పాత సంగతులు తవ్వాల్సి వస్తుంది.

హైదరాబాద్ రాజ్యానికి మొదటి రైలు 1874లో వచ్చింది, వాడి నుంచి సికింద్రాబాద్‌కి. వాడి ఇప్పుడు కర్ణాటకలో ఉంది, బొంబాయి నుంచి మద్రాసు పోయే పెద్ద లైను దాని మీదుగా పోతుంది. ఆ పెద్ద లైనుకి సికింద్రాబాద్ కంటోన్మెంటుని కలపాలన్నది బ్రిటిష్ వాళ్ల పట్టు. దండు ఎక్కడ ఉంటే అక్కడికి రైలు కావాలి వాళ్లకి. ఖర్చు మాత్రం నిజాం సర్కారుది. ఆ రూటు ఎలా వచ్చిందో ఇప్పటి పేర్లతో చెప్పుకుందాం: లింగంపల్లి, హాఫిజ్‌పేట, బోరబండ, బేగంపేట, సాగర్ ఒడ్డున కాసేపు, ఆపైన సికింద్రాబాద్. అప్పటి హైదరాబాద్ అంటే మూసీకి దక్షిణాన, కోటగోడ లోపల, చార్మినార్ చుట్టూ ఉన్న ఊరు. రైలు దాని దరిదాపులకి రాలేదు. రాజధానికి రాకుండా కంటోన్మెంటుకి వెళ్లిన రైలుకి రాజధాని ఖజానా డబ్బు కట్టింది. నాంపల్లిలో ఇప్పుడున్న స్టేషను కట్టింది 1907లో, అంటే ముప్ఫై ఏళ్లు గడిచాక.

ఇవాళ లింగంపల్లి నుంచి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సికింద్రాబాద్ పోయే కుర్రాళ్లు కూర్చుని వెళ్లేది ఆ దారినే. పట్టాలు మారాయి, స్లీపర్లు మారాయి, దారి మారలేదు. ఆ దారిని గీసినవాళ్ల మనసులో ఊరి జనం లేరు. ఇది గుర్తుంచుకుంటే తర్వాత జరిగింది చాలావరకు అర్థమవుతుంది.

1883 సంగతి మన పాఠ్యపుస్తకాల్లో సరిగా చెప్పలేదని నాకు ఇప్పటికీ కోపం. అప్పటి దివాను మొదటి సాలార్‌జంగ్. రైలును ఓరుగల్లు మీదుగా బెజవాడకి, ఇంకోవైపు చాందాకి పొడిగించాలని ఒక పథకం నడుస్తోంది. చాందా అంటే ఇప్పటి మహారాష్ట్రలోని చంద్రపూర్. పని చేసేది లండన్‌లో పెట్టే ఒక కంపెనీ. ఉన్న లైను కూడా ఆ కంపెనీ చేతికే పోతుంది. పైగా కంపెనీకి లాభం వచ్చినా రాకపోయినా దాని పెట్టుబడి మీద ఏటా 5 శాతం వడ్డీ, 20 ఏళ్ల పాటు, నిజాం ఖజానా పూచీ పడాలి. ‘నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే’ అన్న పేరులో ఉన్న గ్యారంటీ అదే. గ్యారంటీ కంపెనీ షేర్‌హోల్డర్లకి, ప్రయాణికుడికి కాదు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో సాలార్‌జంగ్ కలరాతో చనిపోయాడు. ఒప్పందం ఆగలేదు. అప్పుడు ఊళ్లో చదువుకున్నవాళ్లు కొందరు లేచి అడిగారు: షరతులేంటో బయట పెట్టండి, జనానికి చర్చించుకునే టైమివ్వండి. అడిగినవాళ్లలో ముందున్నది డాక్టర్ అఘోరనాథ్ ఛటోపాధ్యాయ, తర్వాత నిజాం కాలేజీ అయిన హైదరాబాద్ కాలేజీని నడిపినాయన. ఆయనతో పాటు ముల్లా అబ్దుల్ ఖయ్యూం. అడిగినందుకు 1883 మే నెలలో అఘోరనాథ్‌ని రాజ్యం నుంచే పంపించేశారు. ఆయన కూతురు సరోజినికి, తర్వాత మనకందరికీ తెలిసిన సరోజినీ నాయుడికి, అప్పుడు నాలుగేళ్లు. ఆయన్ని కొన్నాళ్లకి మళ్లీ రానిచ్చారు. రైల్వే ఒప్పందం ఏమీ మారలేదు.

ఈ ఊళ్లో జరిగిన తొలి ప్రజా ఆందోళనల్లో ఒకటి రైల్వే లెక్కల మీద! వాళ్లు రైలు వద్దనలేదు. డబ్బు మాది, పెత్తనం ఎవరిది అని అడిగారు. ఆ ప్రశ్నకి ఇవాళ్టికీ జవాబు రాలేదన్నదే నా బాధ.

లైను మాత్రం పెరిగింది, అది కాదనలేం. 1889కల్లా బెజవాడ చేరింది. సింగరేణి బొగ్గు బయటికి రావడం మొదలైంది. శతాబ్దం మారే వేళకి మన్మాడ్ వైపు మీటరుగేజి లైను వచ్చింది. 1916లో కాచిగూడ స్టేషను కట్టారు. హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి, సిటీ కాలేజీ డిజైన్ చేసిన విన్సెంట్ ఎష్ చేతి పనే ఇదీ. మధ్యలో పెద్ద గుమ్మటం, పక్కన చిన్న గుమ్మటాలు, మినార్లు. మా వాళ్లలో కొందరికి నాంపల్లి ఇష్టం, నాకు మాత్రం మన ఊరి స్టేషన్లలో కాచిగూడని మించింది లేదు. ఎదురుగా ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఆటోలోంచి తల బయటపెట్టి ఓసారి పైకి చూడండి.

కాచిగూడ దాటి మూసీ మీదుగా మలక్‌పేట వచ్చాక లైను పాతబస్తీ తూర్పు అంచు పట్టుకుని దక్షిణానికి దిగుతుంది. దబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమా. దబీర్‌పురా, యాకుత్‌పురా ఒకప్పుడు కోటగోడ దర్వాజాల పేర్లు కూడా. దబీర్‌పురా దర్వాజా ఇంకా నిలబడే ఉంది. రైలు దర్వాజాల బయట బయట నుంచే పోయింది. దర్వాజాలు పోయి ఊరు అటూ ఇటూ పెరిగాక, ఇళ్లన్నీ లైనుకి వీపు తిప్పి కట్టుకున్నారు. ఫలక్‌నుమా రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే కనపడేవి జనం వెనక గుమ్మాలు: నీళ్ల డ్రమ్ములు, డాబా మీద ఆరేసిన దుప్పట్లు, ఒకచోట మేకలు, ఒకచోట విరిగిన కూలర్. స్టేషనుకి దారి అడిగితే రెండు సందులు తిప్పి, ఎవరో ఒకరి గోడ పక్కనుంచి పొమ్మంటారు. బోర్డు కనపడితే మీ అదృష్టం.

ఇక ఆ ఇరవై ఏళ్లు. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ దగ్గర్నుంచి రైల్వేని కొనేసింది. పేరులోంచి గ్యారంటీ పోయి నిజాం స్టేట్ రైల్వే అయింది. రెండేళ్లకి, 1932 జూన్‌లో, ఆ రైల్వేయే బస్సులు మొదలుపెట్టింది. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. రైల్వేలో రోడ్డు రవాణా విభాగం అన్నమాట. మన ఆర్టీసీ పుట్టింది అక్కడే. అంటే ఈ ఊళ్లో బస్సు రైలుకి సొంత బిడ్డ. రైలుకీ బస్సుకీ ఒకే యజమాని, ఒకే లెక్కల పుస్తకం. అది ప్రజల ప్రభుత్వం కాదు, ఆ బస్సులు ఈ రోజుల్లోలా సిటీ జనాన్ని మోయడానికి వచ్చినవీ కాదు, ఆ కాలాన్ని బంగారు యుగం అని నేను అనను. కానీ పట్టాలు ఆగిన చోట బస్సు అందుకోవాలి అన్న ఆలోచన ఒక ఆఫీసులో ఒక బల్ల మీద జరిగింది. 1951లో అది రెండు ముక్కలైంది. రైలు భారతీయ రైల్వేల్లో, సెంట్రల్ రైల్వేలో కలిసింది. బస్సులు హైదరాబాద్ రాష్ట్రానికి వచ్చాయి. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. మన ఊళ్లోనే హెడ్డాఫీసు ఉంది కాబట్టి రైలు మనదే అనుకుంటాం. కానీ ఆ హెడ్డాఫీసుకి, అంటే రైల్ నిలయానికి, ఊరి లోకల్ రైలు చాలా చిన్న విషయం. వాళ్లు చూసుకోవాల్సింది బొగ్గు, సిమెంటు, ఢిల్లీ రైళ్లు, సంక్రాంతి రద్దీ. వాళ్ల ఉద్యోగం అది, వాళ్లని తప్పుపట్టి ప్రయోజనం లేదు.

2003 ఆగస్టు 9న ఎంఎంటీఎస్ మొదలైనప్పుడు నేను విద్యానగర్‌లో రూములో ఉండి చదువుకునేవాణ్ణి. అప్పటి ఉపప్రధాని అద్వానీ జెండా ఊపారు. రాష్ట్రం సగం, రైల్వే సగం పెట్టుకుని ఉన్న లైన్లనే బాగుచేసి, స్టేషన్లు కట్టి, కరెంటు రైళ్లు తిప్పారు. తర్వాతి ఏడాది మొదట్లో ఫలక్‌నుమా వైపూ వచ్చింది. మొత్తం 43 కిలోమీటర్లు, అటూ ఇటూగా. సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజ్, జామియా ఉస్మానియా, విద్యానగర్: మా యూనివర్సిటీ చుట్టూ నాలుగు స్టేషన్లు! నెల పాస్ తీసుకుంటే టిఫిను ఖర్చంత కూడా అయ్యేది కాదు. లింగంపల్లి వైపు బంధువుల ఇంటికి వెళ్లడమంటే అంతకుముందు ఒక పూట పని. రైలు కదులుతూ ఉంటే సికింద్రాబాద్ నుంచి ముప్పావు గంట.

‘కదులుతూ ఉంటే’ అన్నదగ్గరే ఉంది తిరకాసంతా. తర్వాత ఉద్యోగం హైటెక్ సిటీ వైపు దొరికి ఈ లైను మీదే రోజూ తిరిగాను కాబట్టి చెప్తున్నా. సికింద్రాబాద్ నుంచి బయల్దేరి జేమ్స్ స్ట్రీట్, సంజీవయ్య పార్క్ దాటాక, బేగంపేట రాకముందే రైలు నిమ్మళంగా ఆగుతుంది. నాంపల్లి నుంచి వచ్చే లైను అక్కడే కలుస్తుంది. ఫ్యాన్లు తిరుగుతుంటాయి. ఎవరూ ఏమీ అనౌన్స్ చేయరు. రెండు నిమిషాలకి గుమ్మం దగ్గరున్నవాళ్లు బయటికి వంగి సిగ్నల్ చూస్తారు. ఐదు నిమిషాలకి ఒకడు కంకర మీదికి దూకేస్తాడు, వాణ్ణి చూసి ఇంకో నలుగురు. అప్పుడు పక్క లైను మీద ఎక్స్‌ప్రెస్ ఒకటి ధడధడమని పోతుంది, ఇరవై రెండు పెట్టెలు. అది పోయాక మన రైలు కదులుతుంది. పెళ్లింట్లో పెద్దలందరూ లేచాక చివరి బంతిలో కూర్చునే పిల్లల్లాంటిది ఎంఎంటీఎస్. విస్తరి పడుతుంది, ఎప్పుడు పడుతుందన్నది పెద్దల తీరిక.

పది నిమిషాల ఆలస్యం దూరప్రయాణం రైల్లో లెక్కలోకి రాదు. లోకల్ రైల్లో పది నిమిషాలంటే ఆఫీసు క్యాబ్ పోయినట్టే, సగం పూట సెలవు పడినట్టే. రెండుసార్లు అలా అయితే మూడోసారి మనిషి బండి కొనుక్కుంటాడు. నేనూ అదే చేశాను. నా లోన్ కిస్తీలు కట్టింది ఒక రకంగా హుస్సేన్‌సాగర్ జంక్షన్ సిగ్నలే.

దిగాక ఇంకో కథ. ఎంఎంటీఎస్ వాళ్ల హైటెక్ సిటీ స్టేషను హైటెక్ సిటీలో లేదు. సైబర్ టవర్స్ దగ్గరికి అక్కడి నుంచి రెండు కిలోమీటర్ల పైనే. మెట్రో వాళ్ల హైటెక్ సిటీ స్టేషను వేరే ఉంది, అది సైబర్ టవర్స్ పక్కన. కొత్తగా ఊరికొచ్చినవాళ్లు ఫోన్లో ఒకటి చూసుకుని ఇంకోదానికి వెళ్లడం నేను చాలాసార్లు చూశాను. స్టేషన్ బయట షేర్ ఆటోవాడు ముందు సీట్లో కూడా ఇద్దర్ని కూర్చోబెట్టుకునేదాకా కదలడు. రైలు టికెట్టు కన్నా ఆటోకి ఎక్కువ. బస్సు ఉంటుంది, కానీ రైలొచ్చే టైముకి బస్సు రావాలని ఎవరికీ పట్టింపు లేదు. 1932లో ఒకే ఆఫీసులో ఉన్న ఇద్దరూ ఇప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

‘మనదేశంలో లోకల్ రైళ్లన్నీ అంతే’ అనేవాళ్లకి చెన్నై చూపిస్తాను. మద్రాసులో బీచ్ నుంచి తాంబరం దాకా 1931లోనే లోకల్ రైళ్లకి కరెంటు పెట్టారు, వాటికి విడిగా పట్టాలు వేశారు. అప్పట్లో అది మీటరుగేజి, ఊరూ ఇప్పుడున్నంత లేదు. అయినా లోకల్‌కి దాని పట్టాలు దానికి ఉండాలని తొంభై ఏళ్ల కిందటే తేల్చుకున్నారు. అందుకే అక్కడ గూడూరు, సూళ్లూరుపేట నుంచి పనికెళ్లే మనవాళ్లు కూడా ఊళ్లోకి వచ్చాక లోకల్ టైముని నమ్ముకుని బతకగలుగుతున్నారు. హైదరాబాద్‌లో 2003లో మనం చేసింది ఉన్న పట్టాల మీద ఇంకో రకం రైలు ఎక్కించడం. చవకగా అయిపోయింది, త్వరగా అయిపోయింది, మెచ్చుకోవాల్సిందే. కాకపోతే మెయిన్ లైను మీద అద్దెకున్నవాడు ఇంటికి రంగులేసుకోగలడేమో గానీ గోడ జరపలేడు.

రెండో దశలో ఆ అవకాశం వచ్చింది. 2012–13లో మంజూరు, అంచనా 816 కోట్లు. ఈసారి రాష్ట్రం మూడింట రెండొంతులు, రైల్వే ఒక వంతు. మేడ్చల్, ఘట్‌కేసర్, ఉందానగర్, రామచంద్రాపురం, సనత్‌నగర్–మౌలాలి బైపాస్. కాగితం మీద చూస్తే ఊరి నాలుగు మూలలా రైలే. ఆ తర్వాత పదేళ్లు ఏం జరిగిందో పేపర్లు చదివేవాళ్లకి గుర్తుండే ఉంటుంది: రాష్ట్రం తన వాటా ఇవ్వలేదని రైల్వే, మిలటరీ భూమి దగ్గర పని ఆగిందని కాంట్రాక్టర్లు, అంచనాలు పెరిగాయని అందరూ. తెల్లాపూర్–రామచంద్రాపురం ముక్క 2019లో, మేడ్చల్, ఉందానగర్ వైపు 2023 ఏప్రిల్‌లో, ఘట్‌కేసర్ నుంచి మౌలాలి, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లికి 2024 మార్చిలో మొదలయ్యాయి. ఉందానగర్ నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి ఆరేడు కిలోమీటర్లే. ఆ ముక్క పడలేదు.

లైన్లు వచ్చాక రైళ్లెన్ని వచ్చాయి? కొత్త రూట్లలో రోజుకి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. సుచిత్ర, అమ్ముగూడ, నేరేడ్‌మెట్, మౌలాలి హౌసింగ్ బోర్డు దగ్గర స్టేషన్లు కట్టారు. మంచి ప్లాట్‌ఫారాలు, మంచి షెడ్లు. వాటి మీద ఇప్పుడు ఎక్కువగా కనిపించేది పొద్దున్నే వాకింగ్ చేసేవాళ్లు. జనం ఎక్కట్లేదు కాబట్టి రైళ్లు పెంచలేమంటారు. గంటలకొద్దీ రైలే లేకపోతే ఎక్కేదెలా?

కరోనా అప్పటి సంగతి ఇంకా విడ్డూరం. 2020 మార్చిలో అన్నీ ఆగాయి. మెట్రో ఆ సెప్టెంబరులోనే నడిచింది, సిటీ బస్సులూ అదే నెలాఖరుకి వచ్చాయి. ఎంఎంటీఎస్ తిరిగి పట్టాలెక్కింది 2021 జూన్‌లో, అదీ పది ట్రిప్పులతో. అంతకుముందు రోజుకి 120కి అటూ ఇటూగా తిరిగేవి. పదిహేను నెలలు ఒక నగరపు లోకల్ రైలు ఆగిపోయి ఉంటే అసెంబ్లీలో గొడవ జరగాలి, కార్పొరేటర్లు ధర్నా చేయాలి. ఏమీ జరగలేదు. మెట్రో ఒక్కరోజు గంటసేపు ఆగితే టీవీల్లో బ్రేకింగ్ న్యూస్. తేడా ఏంటంటే మెట్రో ఆగితే ఎవర్ని అడగాలో అందరికీ తెలుసు.

మెట్రో ఉందిగా, ఇంక ఈ పాత రైలెందుకు అని అడిగే స్నేహితులు నాకు చాలామందే ఉన్నారు. మెట్రో నాకూ ఇష్టమే, చల్లగా, టైముకి, మర్యాదగా తీసుకెళ్తుంది. కానీ మెట్రో మియాపూర్‌లో ఆగిపోతుంది, లింగంపల్లి రాదు. మేడ్చల్ లేదు, ఘట్‌కేసర్ లేదు. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా వేస్తామని మొదటి దశలోనే చెప్పిన ముక్క పడలేదు. అంటే పాతబస్తీకి దక్షిణ కొసన ఉన్నవాళ్లకి ఇవాళ్టికీ రైలంటే ఎంఎంటీఎస్ ఒక్కటే. మెట్రో పెద్ద చార్జీ 2025లో 60 నుంచి 75కి పెంచి, గోల జరిగాక పది శాతం తగ్గించారు. ఎంఎంటీఎస్‌లో ఐదు రూపాయలకి టికెట్టు ఉంది. ఉప్పుగూడలో పొద్దున్నే ఆరింటికి ఎక్కే పనిమనుషులు, సెక్యూరిటీ గార్డులు, కొరియర్ కుర్రాళ్లు ఆ తేడాని నెలకి లెక్క వేసుకునే రకం. నాకు మెట్రో ఒక సౌకర్యం, వాళ్లకి ఎంఎంటీఎస్ జీతంలో ఒక భాగం.

లోకల్ రైళ్లకి నష్టాలు, లైన్ల మీద ఖాళీ లేదు అని రైల్వే చెప్పే మాటని నేను కొట్టిపారేయను. లోకల్ రైలు ఎక్కడా టికెట్ల మీద బతకదు. కానీ ఖాళీ లేదన్న మాట పూర్తిగా నమ్మబుద్ధి కాదు, ఎందుకంటే ఏటా ఒక రాత్రి ఆ ఖాళీ పుడుతుంది. ఖైరతాబాద్ వినాయకుడి నిమజ్జనం రోజు అర్ధరాత్రి దాటాక కూడా స్పెషల్ ఎంఎంటీఎస్‌లు వేస్తారు. సాగర్ ఒడ్డున కాళ్లు పీకేదాకా నిలబడ్డ జనం ఖైరతాబాద్, లక్డీకాపూల్, నాంపల్లి స్టేషన్లలో పిల్లల్ని భుజాల మీద వేసుకుని ఎక్కుతారు. ఆ రాత్రి పోలీసులు, కార్పొరేషన్, రైల్వే అందరూ ముందే కూర్చుని మాట్లాడుకుంటారు, అడిగేవాడు ఉంటాడు, అందుకే రైలు ఉంటుంది. మిగతా ఆదివారాల్లో పేపర్లో వచ్చేది ఇంకో వార్త: మరమ్మతుల వల్ల ఇన్ని ఎంఎంటీఎస్‌లు రద్దు. రద్దయ్యే జాబితాలో ముందు పేరు ఎప్పుడూ దీనిదే.

నాకు కావలసింది పెద్ద కోరికేమీ కాదు. రాష్ట్రం ఇప్పటిదాకా సిమెంటుకీ పట్టాలకీ వాటా ఇచ్చింది, లేదా ఇస్తానని ఎగ్గొట్టింది. నడిపే రైళ్లకి డబ్బు కట్టడం ఎప్పుడూ చేయలేదు. అది చేయాలి. పొద్దున ఏడు నుంచి పదకొండు, సాయంత్రం నాలుగున్నర నుంచి తొమ్మిది, పావుగంటకో రైలు, ఐదు నిమిషాలు మించి ఆలస్యమైతే ఆ ట్రిప్పు డబ్బు కట్. ఇలా ఒక ఒప్పందం రాసుకుంటే రైల్వే లెక్కలో లోకల్ రైలుకి కూడా ఒక ధర వస్తుంది, సిగ్నల్ దగ్గర దాన్ని ఆపేముందు ఒకసారి ఆలోచిస్తారు. 1883లో మన ఖజానా కంపెనీకి గ్యారంటీ ఇచ్చింది, ఈసారి మనం గ్యారంటీ పుచ్చుకుందాం. ఈ పని చూడటానికి కొత్త సంస్థ కూడా అక్కర్లేదు. బస్సు, రైలు, మెట్రో అన్నిటినీ కలిపి చూడాలని 2008 నాటి నుంచే యుమ్టా అని ఒకటి పేరుకి ఉంది. దానికి డబ్బు, సంతకం పెట్టే అధికారం ఇస్తే చాలు. ఏదో ఒక తలుపు తట్టి అడగడానికి ఊరికి ఒక ఇంటి నంబరు ఉండాలి కదా.

ఇప్పుడే ఎందుకంటే, 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ తెరిచారు. సికింద్రాబాద్ నుంచి, నాంపల్లి నుంచి బయల్దేరే దూరప్రయాణం రైళ్లు కొన్ని అక్కడికి జరుగుతున్నాయి. సికింద్రాబాద్ స్టేషను పాత బిల్డింగు కూల్చి సుమారు 700 కోట్లతో కొత్తది కడుతున్నారు. అంటే ఊరి మధ్య పట్టాల మీద, ప్లాట్‌ఫారాల మీద చాలా ఏళ్ల తర్వాత కాస్త చోటు దొరుకుతోంది. ఆ చోటు ఎవరికన్నది టైంటేబుల్ వేసే గదిలో తేలిపోతుంది, అక్కడ మన తరఫున ఇప్పుడు ఎవరూ కూర్చోవడం లేదు. చర్లపల్లిలో తెల్లవారుజామున దిగి, మూడు బ్యాగులతో ఆటోవాడితో బేరమాడుతున్న కుటుంబాల్ని చూస్తే మొదటి రైలు ఎక్కడ వేయాలో చెప్పడానికి పెద్ద సర్వే కూడా అక్కర్లేదు. చర్లపల్లి నుంచి మౌలాలి మీదుగా సనత్‌నగర్, లింగంపల్లికి పట్టాలు ఇప్పటికే ఉన్నాయి, కరెంటు ఉంది, స్టేషన్లున్నాయి. సికింద్రాబాద్ కొత్త స్టేషన్లో రెండు ప్లాట్‌ఫారాలు లోకల్‌కే రాసివ్వమని, చర్లపల్లి రైళ్ల టైములకి ఎంఎంటీఎస్ టైములు కలపమని రాష్ట్ర ప్రభుత్వం ఒక్క ఉత్తరం రాయాలి. బిల్డింగు పూర్తయ్యాక రాస్తే చదివేవాడు ఉండడు.